శాలువా కప్పితే మనవాడే

చెన్నైలో చలి ఉండదు. మార్గశిరంలో తెల్లవారుజామున నాలుగు మంచు బొట్లు పడితే మంకీ క్యాపు తగిలించుకుని పాల ప్యాకెట్టుకు బయల్దేరే ఊరది. అయినా జార్జి టౌన్‌లో శాలువాలకు ఏడాది పొడుగునా గిరాకీయే. గోడౌన్ వీధిలో టోకు బట్టల కొట్ల ముందు కాసేపు నిలబడితే సంగతి బోధపడుతుంది. డజన్ల లెక్కన అమ్ముడుపోయే ఆ శాలువా కప్పుకోవడానికి పనికిరాదు. పట్టుకుంటే పలచన, మెడకు తగిలితే గీరుడు, నీళ్ళు తగిలితే జరీ నల్లబడుతుంది. కొనేవాడికి ఆ సంగతి తెలుసు, అమ్మేవాడికి ఇంకా బాగా తెలుసు. అందుకే బేరంలో నేత ఊసే రాదు. "ఫొటోలో మెరవాలన్నా, అంతే" అంటాడు వచ్చినవాడు. కొట్టు కుర్రాడు మడత విప్పి, అంచును రెండు వేళ్ళతో పట్టుకుని ట్యూబులైటు కింద అటూ ఇటూ ఆడిస్తాడు. మెరిసింది. బేరం కుదిరింది.

సన్మానానికి కావలసిన సరంజామా అంతా ఇక్కడ నడక దూరంలోనే దొరుకుతుంది. ఆహ్వాన పత్రికలకు ఆండర్సన్ వీధి. గజమాలకు పూక్కడై పక్కన బద్రియన్ వీధి. టోకు పూలబజారు 1996లో కోయంబేడుకు తరలిపోయినా, మూర పూలకూ ముహూర్తం దండలకూ జనం ఇంకా ఇటే వస్తారు. అభినందన పత్రానికి అద్దం బిగించాలంటే దేవరాజ ముదలి వీధి. ఫొటోగ్రాఫరు కోసం వెతకక్కర్లేదు, చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరే. ఇన్ని దొరికే పేటలో దొరకని సరుకు ఒక్కటే, చాంపియన్. ఆ ఒక్కణ్ణీ బయటి నుంచి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక అతను మనవాడేనని నిరూపించుకోవాలి. అసలు ఆట అక్కడ మొదలవుతుంది.

2024 డిసెంబరు 12 సాయంత్రం ఆ ఆట ఎంత జోరుగా సాగిందో గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో ప్రపంచ చదరంగ చాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ తన రూక్‌ను ఎఫ్2 గడికి జరిపాడు. చెన్నై కుర్రాడు దొమ్మరాజు గుకేశ్ ఒక్క క్షణం బోర్డును నమ్మలేనట్టు చూశాడు. మరి మూడు ఎత్తుల తరువాత పద్దెనిమిదేళ్ళ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 7.5-6.5. గెలవగానే ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే పావులన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి మళ్ళీ వాటి వాటి గళ్ళలో సర్దాడు. ఇరవై రెండేళ్ళకు కాస్పరోవ్ నెలకొల్పిన రికార్డును బద్దలుకొట్టినవాడు బల్ల శుభ్రంగా వదిలివెళ్ళాలనుకున్నాడు.

అతను పావులు సర్దుతుండగానే బయట జనం వాటాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మన తెలుగు కుర్రాడని అభినందించారు. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, ప్రపంచ చదరంగ రాజధానిగా చెన్నై పేరు మరోసారి నిలబడిందనీ, తమిళనాడు గర్విస్తోందనీ అభినందించారు. పెద్దవాళ్ళు అభినందనలతో ఆగారు, పిల్లకాయలు ఆగలేదు. ఇంటిపేరు తెలుగు కాబట్టి తెలుగువాడేనని ఒకరు. పుట్టిందీ పెరిగిందీ చదివిందీ చెన్నైలో కాబట్టి తమిళుడేనని ఇంకొకరు. ఇంట్లో ఏ భాష మాట్లాడతాడని మూడోవాడి ఆరా. తాతగారి ఊరు ఏ మండలమని నాలుగోవాడి పరిశోధన. రెండు రాత్రుల పాటు ఫోన్లు వేడెక్కాయి. అంతసేపు కొట్టుకున్న ఆ వేలమందిలో 55వ ఎత్తులో ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్ళను ఒక షేర్ ఆటోలో ఎక్కించవచ్చు. ఎక్కించాక కూడా డ్రైవరు ఇంకో ఇద్దరి కోసం ఆగుతాడు.

జార్జి టౌన్ తెలుగువారికి ఈ వాటాల గొడవ కొత్తేమీ కాదు. ఈ తంబుచెట్టి వీధిలోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రిక నడిపారు. కొత్వాల్ చావడి, కన్యకాపరమేశ్వరి దేవస్థానం, నాయకన్ వీధుల్లోని కొట్లూ గోదాములూ ఇప్పటికీ తెలుగు వినబడే చోట్లు. 1950ల్లో ఆంధ్ర రాష్ట్రం కోసం పోరాడినవాళ్ళు 'మద్రాసు మనదే' అని గొంతులు బొంగురుపోయేలా అరిచారు. ఊరు దక్కలేదు. డెబ్బయ్యేళ్ళ తరువాత ఆ ఊళ్ళో పుట్టిన కుర్రాడైనా దక్కకపోతాడా అని ఆశ. ఉద్యమం తెచ్చిపెట్టలేనిది స్క్రీన్‌షాట్ తెచ్చిపెడుతుందని నమ్మకం.

ఈ హక్కుదార్లెవరూ పద్దులో ఖర్చు వైపు కనబడరు, అదీ విశేషం. గుకేశ్ తండ్రి చెవి ముక్కు గొంతు డాక్టరు. కొడుకు వెంట దేశదేశాలు తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. తల్లి సంపాదన మీద ఇల్లు నడిచింది. టోర్నమెంట్లకు డబ్బు చాలనప్పుడు తల్లిదండ్రుల స్నేహితులు ఆదుకున్నారని ఆ కుటుంబమే చెప్పుకుంది. అప్పుడు అతను తెలుగువాడా తమిళుడా అని ఎవరూ తగాదా పడలేదు. విమాన టిక్కెట్టు కొనే వేళకు ఏ భాషవాళ్ళైనా ఆ పక్కకు రారు. తిరిగొచ్చే విమానం దిగే వేళకు మాత్రం దండలతో విమానాశ్రయంలో అందరూ ఉంటారు.

నేపియర్ వంతెన సంగతీ చెప్పుకోవాలి. కోటకు అవతల, మెరీనా మొదట్లో, కూవం మీద ఉంటుంది. 2022లో మామల్లపురంలో చదరంగ ఒలింపియాడ్ జరిగినప్పుడు ఆ వంతెన పొడవునా నలుపు తెలుపు గళ్ళు వేశారు. ఊరు ఊరంతా కదిలొచ్చింది. బైకులు ఆపి, పిల్లల్ని పిట్టగోడెక్కించి, కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురితో సహా ఫొటోలు దిగారు. అక్కడికి ఇంకో యాభై కిలోమీటర్లు దక్షిణంగా పోతే ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన గ్రాండ్‌మాస్టర్లు నిజం గళ్ళ మీద ఆడుతున్నారు. అంత దూరం వెళ్ళడమెందుకు? ఆట చూడాలంటే గంటలు పడుతుంది, గళ్ళతో ఫొటోకు అరక్షణం చాలు.

ఈ విద్యలో ఆంధ్ర, తెలంగాణలు ఇంకా ముదుర్లు. 2016 ఆగస్టు 19న రియోలో పి.వి. సింధు ఫైనల్లో కరోలినా మారిన్‌తో మూడు గేములు పోరాడి రజతం గెలిచింది. రెండు రాష్ట్రాలూ పోటాపోటీగా లేచాయి. తెలంగాణ అయిదు కోట్లు, స్థలం. ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు, అమరావతిలో స్థలం, గ్రూప్-1 ఉద్యోగం. హైదరాబాద్‌లో పైకప్పు లేని బస్సులో ఊరేగింపు, ఆ వెంటనే విజయవాడలో ఊరేగింపు. ఇవ్వడం మంచిదే, ఆటగాళ్ళకు డబ్బు చేదు కాదు. కానీ అదే వారం తెలుగువారు ఇంటర్నెట్‌లో ఆమె గురించి ఎగబడి వెతికినదేమిటో పత్రికలన్నీ రాశాయి. స్మాష్ వేగం కాదు, కోచ్ పేరు కాదు. ఆమె కులం. అక్కడ నెట్‌కు ఇవతల ఒక తెలుగమ్మాయి ఊపిరాడకుండా పరుగెడుతుంటే, ఇక్కడ అభిమాని వేలు ఆ ప్రశ్న టైపు చేస్తోంది. సింధు మనదే, అందులో సందేహం లేదు. ఆ 'మన'లో ఎవరెవరికి చోటుందో తేల్చుకోవడమే వాళ్ళ తొందరంతా.

ఇక అసలు పరీక్షకు వద్దాం. చాంపియన్ దొరికితే చాలు, వెంటపడి దండ వేస్తామనేవాళ్ళకు జార్జి టౌన్ ఉన్న ఊళ్ళోనే ఒక చాంపియన్ ఉన్నాడు. పేరు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్. 2025 సెప్టెంబరులో చైనాలోని బైదైహెలో జరిగిన రోలర్ స్పీడ్ స్కేటింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వెయ్యి మీటర్లను 1 నిమిషం 24.924 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడు. ఆ క్రీడలో భారతదేశానికి అదే మొట్టమొదటి ప్రపంచ స్వర్ణం. అదే పోటీల్లో అయిదు వందల మీటర్లలో కాంస్యం, నలభై రెండు కిలోమీటర్ల మారథాన్‌లో మరో స్వర్ణం. అంతకు నెల ముందు చెంగ్డూ వరల్డ్ గేమ్స్‌లో కాంస్యం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రిలే కాంస్యం. ఆ వెయ్యి మీటర్ల వేగం లెక్క కడితే గంటకు నలభై రెండు కిలోమీటర్ల పైమాట. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద పట్టపగలు పోలీసు జీపు కూడా అందుకోలేని వేగం.

ప్రధానమంత్రి అభినందించారు, పత్రికలు వార్త వేశాయి. ఆ తరువాత? చదరంగానికి రెండు రాత్రులు కొట్టుకున్న జనంలో ఒక్కడూ ఈ కుర్రాడి తాతగారి ఊరు ఎక్కడని అడగలేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో ఆరా తీయలేదు. వాటా కోసం ఎవరూ తగాదా పడకపోవడం అభిమాన లోకంలో అన్నిటికన్నా పెద్ద అవమానం. రేపు అతను మెడలో పతకంతో ప్యారీస్ కార్నర్‌లో బస్సు దిగితే, "పక్కకు జరుగు తంబీ, బండి పోవాలి" అనే మాటే మొదట వినబడుతుంది.

అయితే తెలుగువాడు కావాలంటారా, ఉన్నాడు. వేగం కాదు, విన్యాసాలుండే ఫిగర్ స్కేటింగే కావాలంటారా, అదీ ఉంది. మంచు మీద కాదు, చక్రాల మీద. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం, అవని పంచాల్‌తో కలిసి జంటల్లో ఇంకో కాంస్యం తెచ్చాడు. ఆసియా క్రీడల్లో భారత రోలర్ క్రీడలకు అవే తొలి పతకాలు. 2015లో అర్జున అవార్డు వచ్చింది. ఆ ఏటి అర్జున జాబితా ఒకసారి చదవండి. రోహిత్ శర్మ ఉన్నాడు. కిదాంబి శ్రీకాంత్ ఉన్నాడు. దీపా కర్మాకర్ ఉంది. అదే కాగితం మీద, అదే సైజు అక్షరాల్లో అనూప్ పేరూ ఉంది. ఆ జాబితా ఆ నలుగురినీ ఒకే వరుసలో నిలబెట్టింది. అభిమాని మాత్రం జాబితా చదివేటప్పుడు ఆ ఒక్క చోట కన్ను ఆనించకుండా దాటిపోయాడు. ఎనిమిది చక్రాల మీద గాలిలోకి లేచి, తిరిగి, ఒంటికాలి మీద దిగి నవ్వడం ఎంత కష్టమో తెలియక కాదు. అతనితో ఫొటో దిగితే చూసినవాళ్ళు "ఈ పక్కనున్నది ఎవరు?" అని అడుగుతారు. అలా అడగనక్కర్లేని చాంపియనే పక్కన ఉండాలి.

క్యారమ్ ముచ్చట ఇంకా దగ్గరిది. జార్జి టౌన్‌కు కాస్త ఉత్తరంగా చెరియన్ నగర్ నుంచి వచ్చిన కాజిమా, ఆటో డ్రైవర్ కూతురు, 2024 నవంబరులో అమెరికాలో జరిగిన క్యారమ్ ప్రపంచ కప్పులో సింగిల్స్, డబుల్స్, టీమ్ మూడింటా స్వర్ణం గెలిచింది. గుకేశ్ గెలుపుకు దాదాపు నెల ముందు. ఉత్తర చెన్నైలో క్యారమ్ ఆడని సందు లేదు. బోరిక్ పౌడరు వాసన, స్ట్రైకర్ టక్కుమన్న చప్పుడు, చుట్టూ నిలబడి సలహాలిచ్చే పదిమంది ఇక్కడి సాయంత్రాల్లో మామూలే. ఇంత ఎరుగున్న ఆటలో మూడు ప్రపంచ స్వర్ణాలు వస్తే గోడౌన్ వీధిలో శాలువాలు ఖాళీ అయిపోవాలి కదా! గుకేశ్‌కు వారం తిరగకుండా కలైవాణర్ అరంగంలో అయిదు కోట్ల చెక్కు అందాక గానీ, మరి ఈ పిల్ల మాటేమిటని ఊరికి గుర్తురాలేదు. ప్రభుత్వం ఆ తరువాత కోటి రూపాయలిచ్చింది. తెలుగువాళ్ళు ఆమెను కోరలేదు, ఆమె తెలుగు పిల్ల కాదు కనుక. తమిళులు ఆలస్యంగా కోరారు, అది క్యారమ్ కనుక.

అభిమానం అంటే ఇలాగే ఉంటుంది, లోకమంతా ఇంతే అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. లోకమంతా ఇంతే కాదు. జపాన్ సంగతి చూడండి. సెండాయ్ నగరానికి చెందిన యుజురు హన్యూ 2014, 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో వరసగా రెండు స్వర్ణాలు గెలిచిన ఫిగర్ స్కేటర్. అతను పోటీల్లో ఉన్న రోజుల్లో ప్రదర్శన ముగిసిందంటే మంచు మీద పసుపుపచ్చ విన్నీ ది పూ ఎలుగుబంటి బొమ్మల వాన కురిసేది. అతనికి ఆ బొమ్మంటే ఇష్టం. చిన్నారి స్కేటర్లు గంపలతో వచ్చి ఏరుకుపోయేవారు. ఆ బొమ్మల్ని స్థానికంగా పిల్లలకో సంస్థలకో ఇచ్చేసేవారు. రింకులోకి పూలు విసిరేవాళ్ళు పారదర్శకమైన కవరు చుట్టి మరీ విసిరేవారు. ఒక్క పువ్వు రేకు మంచుకు అంటుకుంటే తరువాత వచ్చే స్కేటర్ బ్లేడు జారి నడుం విరగొచ్చు. తన అభిమానం ఇంకొకరి కాలికి అడ్డం పడకూడదన్న స్పృహ అది. చాంపియన్ మెడలో వేసిన గజమాల చీమలతో సహా అతని చొక్కాలోకి దిగుతుంటే "ఒక్క నిమిషం సార్, ఫొటో సరిగా రాలేదు" అనే మన పద్ధతి పక్కన దీన్ని పెట్టి చూడండి.

2022 బీజింగ్‌లో హన్యూ ఓడాడు. నాలుగున్నర చుట్లు గాలిలో తిరిగే క్వాడ్ ఆక్సెల్‌ను అంతకుముందు పోటీల్లో ఎవరూ సాధించలేదు. దానికి ప్రయత్నించి పడిపోయి నాలుగో స్థానంలో నిలిచాడు. అతని అభిమానులకు ఆ పడడంలోనూ ఏ అంచు మీద లేచాడో, ఎంత తిరిగాడో, ఎక్కడ తక్కువైందో తెలుసు. మర్నాడు దాని గురించే మాట్లాడుకున్నారు. నాలుగో స్థానం వచ్చినవాడికి శాలువా కప్పే సంఘం చెన్నైలో ఉంటే చూపించమనండి.

అలాగని జపాన్ అభిమానికి గుడి కట్టనక్కర్లేదు. 2018లో సెండాయ్‌లో హన్యూ ఊరేగింపుకు లక్ష పైచిలుకు జనం బారులు తీరారు. అదే ప్రేమ అదుపు తప్పితే ఏమవుతుందో 2023లో తెలిసింది. ఆగస్టులో పెళ్ళి ప్రకటించాడు, నవంబరులో విడిపోయామని ప్రకటించాడు. 105 రోజులు. తన భార్యనూ కుటుంబాలనూ వెంటాడి వేధిస్తున్నారని, ఆమెను కాపాడుకోలేకపోతున్నానని కారణం చెప్పుకున్నాడు. ఆట అణువణువూ తెలిసిన దేశంలో కూడా గుమ్మం దాకా వచ్చే అభిమాని ఉంటాడు. మన దగ్గర తేడా ఏమిటంటే, గుమ్మం దాకా వచ్చేవాడికి ఆట తెలియాలన్న నియమం కూడా లేదు.

(మంచు మీద ఆట చెన్నైకి పడదని కొట్టిపారేసేవారికి ఒక్క మాట. మెరీనా మీద ఐస్ హౌస్ 1842లో కట్టింది మంచు కోసమే. అమెరికా మసాచుసెట్స్ చెరువుల్లో కోసిన మంచు గడ్డలు ఓడల్లో రంపపు పొట్టు కప్పుకుని ఇక్కడికొచ్చేవి. దొరల గ్లాసుల్లో కరిగాయి. తరువాత స్వామి వివేకానంద అక్కడ బసచేశారు. మంచుతో ఈ ఊరి బంధుత్వం ఆ మాత్రమైనా ఉంది.)

ఇప్పుడు సన్మాన సభలోకి రండి. జార్జి టౌన్‌లో ఏ హాలైనా సరే, తంతు ఒకటే. ఆరింటికని వేసిన సభ ఏడుంబావుకు మొదలవుతుంది. వేదిక మీద పదమూడు కుర్చీలు. నడిమి కుర్చీ ముఖ్య అతిథిది, ఆయన ఇంకా రాలేదు. చాంపియన్ చివరి నుంచి రెండో కుర్చీలో, వాళ్ళమ్మ ముందు వరసలో నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని. అధ్యక్షులవారు సంఘం పుట్టుక దగ్గర మొదలుపెట్టి రజతోత్సవం దాకా వస్తారు. వక్త ఒకరు తాను కుర్రతనంలో కబడ్డీ ఆడిన వైనం వివరిస్తారు. ఇంకొకరు చదరంగం మన పురాణాల్లోనే ఉందని తేల్చి, స్కేటింగూ ఉండే ఉంటుందని ఆశ పెడతారు. ముఖ్య అతిథి వచ్చాక మొదటి నుంచీ మళ్ళీ స్వాగతం. శాలువా కప్పేటప్పుడు పట్టుకోవడానికి ఆరు చేతులు. కప్పేవాళ్ళు చాంపియన్ వైపు చూడరు, కెమెరా వైపు చూస్తారు. శాలువా చెవి మీద నుంచి జారినా ఎవరూ సర్దరు, ఆ ఫ్రేములో తమ ముఖం వచ్చిందా లేదా అన్నదే చూసుకుంటారు. చాంపియన్‌కు మైకు ఇచ్చేది చివర్లో, "టైమ్ లేదు బాబూ, రెండే మాటలు" అన్న షరతు మీద. ఆ రెండు మాటలు వినేవాళ్ళు కూడా ఉండరు. అప్పటికే టిఫిన్ ప్యాకెట్లు పంచడం మొదలైపోయి ఉంటుంది. ఆ పిల్లవాడు ఉదయం నాలుగున్నరకు లేచి ప్రాక్టీసుకు పోవాలన్న సంగతి అతనికీ, నీళ్ళ సీసా పట్టుకున్న ఆ అమ్మకీ మాత్రమే గుర్తుంటుంది.

ఈ పేట ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఉత్తర మద్రాసులో బాక్సింగ్ అంటే సార్పట్టా, ఇడియప్ప నాయకన్ పరంపరలనే రెండు జట్ల మధ్య యుద్ధం. రేవులో మూటలు మోసేవాడికి కూడా ఎవడి ఎడమ చెయ్యి వాటమేమిటో తెలిసేది. 1980లో ముహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఎం.జి.ఆర్. అతన్ని కలిశారు. జార్జి టౌన్ నుంచి ఆ స్టేడియానికి నడిచిపోవచ్చు. పోయినవాళ్ళు పోయింది అలీ కాళ్ళు ఎలా కదులుతాయో చూడడానికి. అలీ తెలుగువాడా తమిళుడా అన్న ప్రశ్న రాలేదు, అలీ ఇంటిపేరు ఏ జిల్లాదో ఎవరూ వెతకలేదు. వాళ్ళేం సాధువులు కారు, గెలుపోటములు రింగు దిగి వీధికెక్కిన సందర్భాలు బోలెడు. కాకపోతే కొట్టుకున్నప్పుడు కనీసం బాక్సింగ్ గురించి కొట్టుకున్నారు.

చాంపియన్ను చూడాలన్న తహతహ ప్రాణం మీదికి తెచ్చిన రోజులూ ఉన్నాయి, అక్కడ వెటకారానికి చోటు లేదు. 2025 జూన్ 3న బెంగళూరు జట్టు పద్దెనిమిదో సీజన్లో మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. మర్నాడే చిన్నస్వామి స్టేడియం దగ్గర పదకొండు మంది తొక్కిసలాటలో చనిపోయారు. కప్పును ఒక్కసారి కళ్ళారా చూడాలని వచ్చిన కుర్రాళ్ళు. వాళ్ళను వెక్కిరించడానికి నోరు రాదు. వెక్కిరించాల్సింది ఊపిరి తిప్పుకోనివ్వకుండా మర్నాడే ఊరేగింపు పెట్టాలన్న తొందరను. గెలుపు చల్లారితే ఫొటోకు విలువ తగ్గుతుందన్న లెక్కను. చాంపియన్ రెండు రోజులు నిద్రపోయి లేస్తే జనానికి అతని పేరు గుర్తుండదేమోనన్న నిర్వాహకుల భయం నిజమైనదే. ఆ నిర్వాహకులకే గుర్తుండదు.

ఇంత వేళాకోళం చేశాక సంఘాలవారికి ఒక ఉపకారం కూడా చెయ్యాలి. గెలిచినవాడు దిగేలోపు పత్రికలు అచ్చవడం లేదన్నది వారి నిత్య బాధ. ఆండర్సన్ వీధిలో వెయ్యి ఆహ్వానాలు ఒకేసారి ముందుగానే వేయించుకుంటే ధర కలిసొస్తుంది. పైన సంఘం పేరు, కింద అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారులు, మధ్యలో 'మన ముద్దుబిడ్డ' అని పెద్ద అక్షరాలు, ఆ పక్కన ఒక ఖాళీ. ఏ క్రీడలో ఎవరు గెలిచినా అందులో పెన్నుతో రాసుకోవచ్చు. ఖాళీ చిన్నదిగా ఉంచడమే మేలు. గుకేశ్ అయితే మూడక్షరాల్లో అయిపోతుంది. ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ అంటే రెండు వరసలు పడుతుంది, అంతమేర కార్యవర్గ సభ్యుల పేర్లు తగ్గించాల్సి వస్తుంది. అందుకు ఏ కార్యవర్గమూ ఒప్పుకోదు.